చిన్న ఔట్‌బోర్డ్ బోటు నీటి మీద సరిగా కూర్చోకపోతే: సమస్య - పరిష్కారం

సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో గానీ, గండికోట రిజర్వాయర్‌లో గానీ ఔట్‌బోర్డ్ ఇంజిన్ (బోటు వెనక పలకకు బయట బిగించేది) ఉన్న చిన్న బోటు నెమ్మదిస్తే మొదట వచ్చే మాట, "ఇంజిన్‌లో దమ్ము లేదన్నా." చాలాసార్లు ఇంజిన్ బాగానే ఉంటుంది. బరువు ఉండాల్సిన చోట ఉండదు, లేదా ఇంజిన్ వాలు తప్పి ఉంటుంది. మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు వరుసగా చూడండి: మొదట బరువు, తర్వాత వాలు పిన్ను (ఇంజిన్ వాలును మార్చేది), ఆ తర్వాత ఇంజిన్ ఎత్తు, ఆఖరికి ఫ్యాను (నీటిలో తిరిగి బోటును నెట్టే ప్రొపెల్లర్). ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మార్చితే దేనివల్ల బాగైందో తెలీదు.

ముక్కు లేస్తుంది, దిగదు

యాక్సిలరేటర్ తిప్పగానే ముందు భాగం పైకి లేచి, వెనక భాగం కూలబడుతుంది. ఎదురుగా ఏముందో కనపడదు. పెట్రోలు తాగుతుంది గానీ స్పీడు రాదు.

కారణం తేలికే. ఇంజిన్ వెనక, నడిపే మనిషి వెనక, ట్యాంకు కూడా వెనకే. 24 లీటర్ల ట్యాంకు నిండితే పెట్రోలు బరువే 18 కిలోల దాకా ఉంటుంది. దానికి తోడు అడుగున నిలిచిన నీళ్లు ముక్కు లేవగానే వెనక్కి పరుగెత్తి ఇంకా కిందికి లాగుతాయి.

ముందు ఆ నీళ్లు తోడెయ్యండి. ట్యాంకును పైపు అందినంత ముందుకు జరపండి. ఒక్కరే నడుపుతుంటే 20 లీటర్ల వాటర్ క్యాను నింపి, ముందు పలక దగ్గర పెట్టి, కదలకుండా తాడుతో కట్టి ఒక చుట్టు తిరిగి రండి. తేడా కనిపిస్తే తప్పు బరువుదే. నడిపే మనిషి ముందుకు జరగడానికి కొందరు హ్యాండిల్‌కు ప్లాస్టిక్ పైపు తొడుగుతారు. మంచి ఉపాయమే, కానీ క్లిప్పుతో బిగించకపోతే మలుపులో పైపు ఊడి చేతికొస్తుంది. కిల్ స్విచ్ తాడు (మనిషి జారిపడితే ఇంజిన్ ఆపేది) మణికట్టుకు ఉండాల్సిందే.

అప్పటికీ దిగకపోతే పిన్ను మార్చాలి. ఇంజిన్ ఆపి పైకెత్తితే, బిగింపు బ్రాకెట్‌లో వరుసగా రంధ్రాలు, వాటిలో ఒకదానికి అడ్డంగా దూర్చిన పిన్ను కనిపిస్తాయి. పిన్ను బోటు వైపు రంధ్రంలోకి వస్తే ఇంజిన్ కాలు (నీటిలోకి దిగే కింది భాగం) లోపలికి వాలి ముక్కు దిగుతుంది. బయటి రంధ్రంలోకి వెళ్తే ముక్కు లేస్తుంది. ఒక్క రంధ్రం మార్చి, అదే బరువుతో నడిపి, ఫోన్ జీపీఎస్‌లో స్పీడు చూడండి. గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాటున ఒకసారి చూస్తేనే లెక్క సరిగా తేలుతుంది.

బరువైన నాటు పడవకు చిన్న ఇంజిన్ కట్టినవాళ్లు మాత్రం ఈ పిన్నుతో కుస్తీ పట్టొద్దు. ఆ పడవ నీటిని చీల్చుకుంటూ పోయేదే, పైకి తేలి పరుగెత్తేది కాదు. ముక్కు లేవడం మొదలైన చోటే యాక్సిలరేటర్ ఆపుకోవాలి. ఆపైన తిప్పినదంతా పెట్రోలు దండగ.

కప్పగంతులు, ముక్కు కూరుకుపోవడం

స్పీడులో ముక్కు లయగా ఎగిరి పడుతుంటే ఇంజిన్ మరీ బయటికి వాలిందని, లేదా వెనక బరువు ఎక్కువైందని అర్థం. ముందు స్పీడు తగ్గించండి. ఒడ్డుకు చేరాక పిన్ను ఒక రంధ్రం లోపలికి. దీనికి పూర్తి విరుద్ధంగా, ముక్కు నీళ్లను తవ్వుతూ ముఖాన చిమ్ముతుంటే పిన్ను ఒకటి బయటికి, బరువు కొంచెం వెనక్కి. అలలున్నప్పుడు ఈ రెండోదే ప్రమాదం. కూరుకున్న ముక్కు ఒక్కసారిగా పక్కకు తిప్పేస్తుంది.

ఒక పక్కకు ఒరుగుతోంది

ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టేవాళ్లు కుడి పక్క కూర్చుంటారు, బోటు అటే ఒరుగుతుంది. చేపల పెట్టె, లంగరు ఎడమకు మార్చండి. బోటు ఒరగకుండానే ఒకవైపు లాగుతుంటే, ఫ్యానుకు పైన చిన్న రెక్క ఉందేమో చూడండి. అన్ని ఇంజిన్లకూ ఉండదు. బోటు ఎటు లాగుతుంటే ఆ రెక్క వెనక కొసను అటే కొంచెం తిప్పి బిగించాలి.

ఇంజిన్ అరుస్తుంది, బోటు కదలదు

ముందుగా నాచు, తెగిన వల ముక్కలు చుట్టుకున్నాయేమో చూడండి. చెయ్యి పెట్టే ముందు ఇంజిన్ ఆపి, ప్లగ్ క్యాప్ పీకెయ్యండి.

ఫ్యాను శుభ్రంగా ఉందంటే ఇంజిన్ ఎత్తు కొలవాలి. పొట్టి కాలు ఇంజిన్‌కు వెనక పలక ఎత్తు సుమారు 15 అంగుళాలు, పొడుగు కాలుకు 20 అంగుళాలు ఉండాలి. ఫ్యాను మీద అడ్డంగా ఉండే పళ్లెం లాంటి రేకు బోటు అడుగుతో దాదాపు సమానంగా రావాలి. బాగా పైకుంటే మలుపుల్లో ఫ్యాను గాలి పీల్చి ఉత్తినే తిరుగుతుంది. బాగా కిందికుంటే కాలు నీళ్లను ఈడ్చుకుంటూ పోతుంది. పైకి లేపాలంటే బిగింపు కింద గట్టి చెక్క ముక్క వేసి, కాసేపు నడిపాక స్క్రూలు మళ్లీ బిగించండి.

ఎత్తు కూడా సరిగానే ఉంటే ఫ్యాను లోపలి రబ్బరు బుష్ జారుతుండొచ్చు. లోపలి ఇత్తడి గొట్టం మీదుగా బయటి బుడిపె దాకా పెయింట్‌తో ఒక్క గీత గీసి నడపండి. తిరిగొచ్చాక గీత రెండుగా విడిపోయి కనిపిస్తే బుష్ పోయినట్టే.

రివర్స్‌లో కాలు లేచిపోతోంది

రివర్స్ లాక్ (రివర్స్‌లో కాలు లేవకుండా పట్టి ఉంచేది) పడలేదు. లీవర్ ఉన్న మోడళ్లలో దాన్ని వేసుకుని, పని అవగానే తీసెయ్యండి. వేసవిలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో, అప్పటిదాకా లోతున ఉన్న రాళ్లు, మొద్దులు ఫ్యానుకు అందుతాయి. లాక్ తీసి ఉంటే తగిలిన కాలు దానంతటది పైకి లేస్తుంది. లోతు లేని చోట కాలు కొంచెం ఎత్తుకుని మెల్లగా నడుపుతూ, ఇంజిన్ పక్క నుంచి సన్నగా చిమ్మే నీటి ధార మీద కన్నేసి ఉంచండి. ధార ఆగితే నీళ్లు పీల్చే రంధ్రం గాల్లోకి వచ్చిందని, వెంటనే ఇంజిన్ ఆపాలి.