రేంజర్స్ ఆఫ్‌సీజన్: "ఇదేం పని చేశారు?" అనిపిస్తే ఎక్కడ చూడాలి

వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) అయిపోయాక ఫిబ్రవరి దాకా బేస్‌బాల్‌లో ఆట ఉండదు, కానీ అభిమానికి బీపీ పెరిగేది ఎక్కువగా ఆ నెలల్లోనే. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో ఉన్న మనవాళ్ళలో చాలామంది పిల్లల పుణ్యమా అని టెక్సస్ రేంజర్స్ అనే ఇక్కడి బేస్‌బాల్ టీంకి అలవాటు పడ్డారు. అయితే ఐపీఎల్ వేలం చూసిన కళ్ళతో ఈ వ్యవహారం చూస్తే ఒక్క ముక్క అర్థం కాదు. వేలంలో అన్ని టీంలకీ ఒకటే పర్సు, ఒకటి రెండు రోజుల్లో తతంగం ముగుస్తుంది. ఇక్కడ పర్సుకి పైన గట్టి హద్దు లేదు, ఆటగాళ్ళతో ఒప్పందాలు ఫలానా తేదీలోపు కుదరాలని లేదు, మధ్యలో మాత్రం రకరకాల గడువులు. ఎవడు బాగా ఆడతాడు అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఏ సీటు ఖాళీగా ఉంది, ఏ తేదీలోపు తేల్చాలి, ఎంతకి అన్నవి మొదటి ప్రశ్నలు. తిట్టే ముందు ఆ మూడూ చూడండి, తర్వాత కూడా తిట్టాలనిపిస్తే అప్పుడు నిశ్చింతగా తిట్టుకోవచ్చు.

సమస్య: నెత్తిన పెట్టుకున్న ఆటగాణ్ణి పైసా తీసుకోకుండా వదిలేశారు

2025 నవంబర్‌లో అడోలిస్ గార్సియా విషయంలో అందరూ అడిగింది ఇదే. 2023లో 39 హోం రన్లు కొట్టాడు, హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో ఏఎల్‌సీఎస్‌లో (వరల్డ్ సిరీస్‌కి ముందు జరిగే అమెరికన్ లీగ్ ఫైనల్) 15 ఆర్‌బీఐలతో (తన బ్యాటుతో రప్పించిన పరుగులు) సిరీస్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) అయ్యాడు, వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌ని 11వ ఇన్నింగ్స్‌లో హోం రన్‌తో ముగించాడు. అలాంటివాణ్ణి ఏ టీంకీ ట్రేడ్ చేయకుండా, బదులుగా ఒక్క కుర్రాణ్ణి కూడా తెచ్చుకోకుండా బయటికి పంపేశారు. క్యాచర్ జోనా హైమ్‌ది కూడా అదే రోజు అదే కథ.

కారణం నాన్ టెండర్ గడువు. మేజర్ లీగ్‌లో మూడేళ్ళ సర్వీసు నిండి, ఆరేళ్ళు ఇంకా నిండని ఆటగాడి జీతం ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వం) పద్ధతిలో తేలుతుంది. ఆ పద్ధతిలో ఉన్న చిక్కేంటంటే బ్యాటు చల్లబడినా జీతం దాదాపు ఎప్పుడూ పైకే పోతుంది. 2025లో గార్సియా జీతం 9.25 మిలియన్ డాలర్లు, బ్యాటింగ్ సగటు (ఆడిన సార్లలో హిట్ల వంతు) .227, హోం రన్లు 19. తర్వాతి ఏడాదికి జీతం 12 మిలియన్ల చుట్టూ ఉంటుందని అంచనా. నవంబర్ మూడో వారంలో వచ్చే గడువులోపు "ఇతనికి కాంట్రాక్ట్ ఇస్తాం" అని క్లబ్ చెప్పాలి, చెప్పకపోతే అతను ఫ్రీ ఏజెంట్, ఏ టీంతోనైనా సంతకం చేసుకోవచ్చు.

మరి ట్రేడ్ చేయొచ్చు కదా అంటారు. ఆ గడువు మిగతా 29 టీంలకీ తెలుసు, రెండు రోజులు ఆగితే ఉచితంగా దొరికేవాడికి ఎదురు ఎవరిస్తారు? తర్వాత ఫిలడెల్ఫియా టీం ఫిలీస్ అతన్ని ఒక ఏడాదికి 10 మిలియన్లకి తీసుకున్నారు. అంటే 12 ఎక్కువని మార్కెటే చెప్పినట్టు.

పరిష్కారం ఆ నవంబర్‌లో లేదు, అంతకుముందు ఏడాదిలో ఉంది. 2024లోనే గార్సియా సగటు .224కి పడిపోయింది. విలువ ఇంకా కొంత మిగిలుండగా అమ్మాల్సింది అప్పుడు. ఆ శీతాకాలమే నథానియల్ లో (Lowe) అనే ఫస్ట్ బేస్‌మన్ విషయంలో రేంజర్స్ సరిగ్గా అదే చేశారు. అతనూ ఆర్బిట్రేషన్‌లో ఉన్నవాడే. వాషింగ్టన్ నేషనల్స్‌కి ఇచ్చి ఎడమచేతి రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్) రాబర్ట్ గార్సియాని తెచ్చుకున్నారు. 2025 ఆగస్టుకి నేషనల్స్ ఆ నథానియల్‌ని వదిలించుకోవాల్సి వచ్చింది. ఒకే శీతాకాలం, ఒకే ఆఫీసు. ఒకచోట బుర్ర పనిచేసింది, ఇంకోచోట మమకారం అడ్డొచ్చింది అని నా అభిప్రాయం. మీ ఫేవరెట్ ఆటగాడు ఈ వరసలో ఉన్నాడా అని చూడాలంటే బ్యాటింగ్ సగటుతో పాటు సర్వీసు ఏళ్ళు, వచ్చే ఏడాది జీతం అంచనా పక్కపక్కన పెట్టుకోండి, సెప్టెంబర్‌లోనే తెలిసిపోతుంది.

సమస్య: ఎవడో మామూలు పిచర్‌ని తెచ్చుకోవడానికి మనవాణ్ణి తీసేశారు

కారణం 40 మంది జాబితా. మ్యాచ్‌కి దిగే జాబితా 26 మందిదే అయినా, మేజర్ లీగ్ కాంట్రాక్ట్ ఉన్న ప్రతివాడూ ఈ నలభైలో ఉండి తీరాలి. బస్సులో నలభై సీట్లు, నిలబడే వీల్లేదు. నలభై ఒకటోవాడు ఎక్కాలంటే ఒకరు దిగాలి. దిగినవాడిని డీఎఫ్ఏ (డెజిగ్నేటెడ్ ఫర్ అసైన్‌మెంట్) చేశారంటారు. ఆ రోజు నుంచి ఏడు రోజుల్లోపు ట్రేడ్ చేయాలి, లేదా వేవర్స్‌లో పెట్టాలి, లేదా వదిలేయాలి.

మళ్ళీ గార్సియానే చూడండి. 2021 ఫిబ్రవరిలో మైక్ ఫోల్టినెవిచ్ అనే పిచర్‌కి చోటు కావాలని రేంజర్స్ ఇతన్ని డీఎఫ్ఏ చేశారు. వేవర్స్‌లో ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుపోవచ్చు, ఒక్క టీం కూడా చెయ్యెత్తలేదు. మైనర్ లీగ్ ఒప్పందం మీద క్లబ్‌లోనే మిగిలిపోయి, అదే ఏడాది 31 హోం రన్లు కొట్టి ఆల్ స్టార్ అయ్యాడు. ఎవరి కోసం ఇతన్ని దించారో ఆ ఫోల్టినెవిచ్ 2 గెలుపులు, 12 ఓటములతో సీజన్ ముగించాడు, 35 హోం రన్లు సమర్పించుకున్నాడు. రేంజర్స్ 2023లో గెలిచిన వరల్డ్ సిరీస్ ట్రోఫీలో పెద్ద భాగం ఆ ఏడు రోజుల అదృష్టానిదే అంటే అతిశయోక్తి కాదు.

అదృష్టాన్ని పరిష్కారం అనలేం కదా, క్లబ్‌లు వాడే చిట్కా ఒకటుంది. 60 రోజుల గాయాల జాబితాలో ఉన్నవాడు ఆ నలభైలో లెక్కకి రాడు, కానీ ఆ జాబితా శీతాకాలంలో పనిచేయదు, ఫిబ్రవరిలో పిచర్లూ క్యాచర్లూ క్యాంపుకి వచ్చాకే తెరుచుకుంటుంది. అందుకే జనవరి చివర్లో "డీల్ కుదిరింది" అని వార్త వచ్చాక కూడా క్లబ్ రెండు వారాలు అధికారికంగా ప్రకటించదు. గాయపడ్డవాణ్ణి అటు జరిపి, ఖాళీ అయిన సీట్లో కొత్తవాణ్ణి కూర్చోబెడతారు. అలాంటి ఆలస్యం చూసి డీల్ చెడిపోయిందేమో అని టెన్షన్ పడక్కర్లేదు, గాయాలతో ఉన్నవాళ్ళ పేర్లు లెక్కపెట్టుకోండి చాలు.

సమస్య: ఫ్రిస్కోలో మనం చూసిన కుర్రాడు డిసెంబర్‌లో వేరే టీంలో తేలాడు

రైడర్స్ ఫీల్డ్‌లో పిల్లలతో కలిసి రఫ్‌రైడర్స్ మ్యాచ్‌లు చూసేవాళ్ళకి ఇది తగిలే దెబ్బ. రఫ్‌రైడర్స్ రేంజర్స్‌కి డబుల్ ఏ స్థాయి (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద) టీం. 18 ఏళ్ళకో అంతకుముందో సంతకం చేసిన కుర్రాణ్ణి ఐదు సీజన్లలోపు, 19 నిండాక చేసినవాణ్ణి నాలుగు సీజన్లలోపు ఆ నలభైలో చేర్చకపోతే రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఏ టీమైనా లక్ష డాలర్లు కట్టి ఎగరేసుకుపోవచ్చు. తీసుకున్న టీం అతన్ని మరుసటి సీజన్ మొత్తం 26 మందిలో ఉంచుకోవాలి, కుదరకపోతే వేవర్స్ దాటించి, సగం డబ్బుకి పాత టీంకి తిరిగి ఇవ్వజూపాలి. ఈ షరతు వల్లే చాలామంది ఏప్రిల్, మే నెలలకల్లా ఇంటికొచ్చేస్తారు. కాబట్టి ముందు కాస్త ఓపిక పట్టండి. ప్రతిసారీ అలా జరగదు అనుకోండి: 2014 డిసెంబర్‌లో ఆస్ట్రోస్ కాపాడుకోని డిలైనో డిషీల్డ్స్ జూనియర్‌ని రేంజర్స్ ఇలాగే లాక్కుని, 2015లో సెంటర్ ఫీల్డ్‌లో ఆడించారు. హ్యూస్టన్‌వాళ్ళని ఏడిపించడానికి ఆ ముచ్చట ఇప్పటికీ పనికొస్తుంది.

సమస్య: డిసెంబర్ అయిపోతోంది, పెద్ద పేరు ఒక్కటీ సంతకం పెట్టలేదు

రెండు కారణాలుండొచ్చు, విడదీసి చూడాలి. ఒకటి ఏజెంట్ వైపు నుంచి. రేటు పెరుగుతుందని ఆపుతూ ఉంటారు, ఆపగా ఆపగా కొనేవాళ్ళ దగ్గర డబ్బైపోతుంది. రెండోది క్లబ్ వైపు నుంచి, డబ్బు ఎంతుందో వాళ్ళకే తెలియకపోవడం. 2023 ట్రోఫీ గెలిచిన వెంటనే రేంజర్స్‌కి రెండూ ఒకేసారి ఎదురయ్యాయి. లోకల్ మ్యాచ్‌లు చూపించే ఛానెల్ యజమాని డైమండ్ స్పోర్ట్స్ అదే ఏడాది మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, టీవీ డబ్బు వస్తుందో రాదో తెలియని పరిస్థితి. పోస్ట్ సీజన్‌లో అంత బాగా వేసిన జోర్డన్ మాంట్గమరీని వెంటనే ఉంచుకోలేకపోయారు. అతనూ ఆగాడు, ఆగాడు, 2024 మార్చి చివర్లో, అదీ రేంజర్స్ వరల్డ్ సిరీస్‌లో ఓడించిన అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌తోనే, ఒక ఏడాదికి 25 మిలియన్లకి సంతకం చేశాడు. స్ప్రింగ్ ట్రైనింగ్ లేదు, ఒళ్ళు సిద్ధం కాలేదు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది) 6.23. ఏప్రిల్‌లోనే ఏజెంట్‌ని మార్చుకున్నాడు.

పరిష్కారం: పిచర్‌ని మార్చిలో చవగ్గా కొట్టేశాం అని సంబరపడకూడదు. బ్యాటర్ అయితే వారంలో దారిలో పడొచ్చు, స్టార్టింగ్ పిచర్ భుజానికి వారాలు పడుతుంది. ఆ సంగతి వీళ్ళు తర్వాత నేర్చుకున్నట్టున్నారు. 2024 డిసెంబర్‌లోనే నేథన్ ఇవాల్డీతో 3 ఏళ్ళకి 75 మిలియన్లు ముగించేశారు, 2025లో 130 ఇన్నింగ్స్ వేసి 1.73 ఈఆర్ఏ చూపించాడు.

సమస్య: కాగితం మీద ఒక అంకె, ట్యాక్స్ లెక్కలో ఇంకో అంకె

మేజర్ లీగ్‌లో శాలరీ క్యాప్ (జీతాల మీద గట్టి హద్దు) లేదు, లగ్జరీ ట్యాక్స్ (టీం జీతాల మొత్తం హద్దు దాటితే కట్టే పన్ను) ఉంది. 2025కి హద్దు 241 మిలియన్లు, 2026కి 244. ఆ ఏడాది చేతికిచ్చే జీతం కాదు, కాంట్రాక్ట్ మొత్తాన్ని ఏళ్ళతో భాగిస్తే వచ్చే సగటు లెక్కలోకి వస్తుంది. వాయిదా వేసిన డబ్బుంటే దాని ఇప్పటి విలువ కట్టి లెక్కిస్తారు: షోహెయ్ ఓటానీ అనే ఆటగాడికి లాస్ ఏంజలెస్ డాడ్జర్స్ 10 ఏళ్ళకి 700 మిలియన్లు రాసి, ఏటా చేతికి 2 మాత్రమే ఇచ్చి, 680 తర్వాతికి నెట్టినా ట్యాక్స్ లెక్కలో ఏడాదికి సుమారు 46 పడుతుంది. అంటే 70 కాదు, 2 కూడా కాదు. హద్దు దాటితే పైమొత్తం మీద మొదటి ఏడాది 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. రేంజర్స్ 2023, 2024 రెండేళ్ళూ దాటారు కాబట్టి ఆ తర్వాత ప్రతి చిన్న కాంట్రాక్ట్‌కీ అన్నిసార్లు ఆలోచించడం పిసినారితనం కాదు. రెండేళ్ళు దాటినవాడు మూడోసారి దాటితే సగానికి సగం పన్ను.

సమస్య: బాగా ఉన్నవాణ్ణి ఇచ్చి అలాంటివాణ్ణే తెచ్చారు, ఏం లాభం?

2025 నవంబర్‌లో సెకండ్ బేస్‌మన్ మార్కస్ సీమియన్‌ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి అవుట్‌ఫీల్డర్ బ్రాండన్ నిమోని తెచ్చుకున్నారు. సీమియన్ డీల్ 7 ఏళ్ళకి 175 మిలియన్లు, 2028తో అయిపోతుంది. నిమో డీల్ 8 ఏళ్ళకి 162, 2030 దాకా ఉంటుంది. ఏటా భారం తగ్గించుకుని ఏళ్ళు పెంచుకున్నారన్నమాట. పిచింగ్ మంచిగా ఉండి కూడా బ్యాటింగ్ వల్ల 2025లో 81 గెలిచి 81 ఓడిన టీంకి, బేస్ ఎక్కడం తెలిసిన ఎడమచేతి బ్యాటర్ అవసరమే. అయినా సీమియన్ సెకండ్ బేస్ దగ్గర అడ్డుకునే పరుగులు స్కోరు బోర్డులో కనపడవు, పోయాకే తెలుస్తాయి. ఈ ఒక్కదానిలో నేను ఇప్పటికీ రాజీపడలేదు.

సమస్య: డీల్ అయిపోయింది అన్నారు, మర్నాటికి లేదు

ఫిజికల్ (వైద్య పరీక్ష) పాసయ్యేదాకా ఏదీ అయిపోయినట్టు కాదు. 2022 డిసెంబర్‌లో షార్ట్‌స్టాప్ కార్లోస్ కొరియాకి శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 13 ఏళ్ళకి 350 మిలియన్లు అన్నారు, 2014లో జరిగిన పాత కాలి ఆపరేషన్ రిపోర్టులు చూసి ఆగిపోయారు. మెట్స్ 12 ఏళ్ళకి 315 అన్నారు, వాళ్ళూ ఆగారు. చివరికి మిన్నెసోటా ట్విన్స్ దగ్గర 6 ఏళ్ళకి 200. పాసైనంత మాత్రాన గ్యారంటీ ఏం లేదు. అదే శీతాకాలం రేంజర్స్ 5 ఏళ్ళకి 185 మిలియన్లిచ్చిన పిచర్ జేకబ్ డిగ్రోం ఆరు మ్యాచ్‌లు వేసి 2023 జూన్‌లో మోచేతి ఆపరేషన్‌కి వెళ్ళాడు. క్లబ్ కూర్చుని ఏడవలేదు. జులైలో పిచర్లు మాక్స్ షెర్జర్‌నీ మాంట్గమరీనీ ట్రేడ్‌లో తెచ్చి ట్రోఫీ ఎత్తింది. డిగ్రోం 2024 సెప్టెంబర్‌లో తిరిగొచ్చి, 2025లో 30 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు.

సమస్య: ఆప్ట్ అవుట్ ఉంది కదా, మరి పోలేదేం?

ఆప్ట్ అవుట్ అంటే కాంట్రాక్ట్‌ని మధ్యలోనే వదిలి వెళ్ళే హక్కు, ఆ తలుపు ఆటగాడి వైపు నుంచే తెరుచుకుంటుంది. రేంజర్స్ బ్యాటర్ జాక్ పీడర్సన్ 2025లో వరసగా 41 సార్లు హిట్ లేకుండా వెనుదిరిగి, .181తో సీజన్ ముగించాడు. బయట 18.5 మిలియన్లు ఎవరూ ఇవ్వరని తెలిసినవాడు లోపలే ఉంటాడు. ఆప్ట్ అవుట్ రాసే రోజునే అది క్లబ్‌కి ఖర్చు అనుకోవాలి, బాగా ఆడితే పోతాడు, ఆడకపోతే మిగులుతాడు.

సమస్య: క్లబ్ వెబ్‌సైట్‌లో ఆటగాళ్ళ ఫొటోలే లేవు

2021 డిసెంబర్ 2న ఇదే జరిగింది. ఫొటోల చోట బూడిదరంగు నీడలు పెట్టారు. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య ఒప్పందం గడువు తీరి, క్లబ్ యజమానులు లాకౌట్ (ఆటగాళ్ళకి తలుపులు మూసేయడం) పెడితే సంతకాలు, ట్రేడ్లు అన్నీ ఆగిపోతాయి. అందుకే రేంజర్స్ షార్ట్‌స్టాప్ కోరీ సీగర్‌కి 325, సీమియన్‌కి 175 మిలియన్లు లాకౌట్‌కి ముందు హడావుడిగా ముగించారు. అప్పటికి వాళ్ళు 102 మ్యాచ్‌లు ఓడిన టీం, రెండేళ్ళ తర్వాత ఛాంపియన్లు. ఆ లాకౌట్ 99 రోజులు నడిచి 2022 మార్చి 10న తెగింది. ఇప్పటి ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. ఈ సమస్యకి పరిష్కారం ఏ ఒక్క క్లబ్ చేతిలోనూ లేదు. కానీ ఎవరైనా కావాలని గట్టిగా అనుకునే టీం నవంబర్ చివరి వారంలోనే కదులుతుంది, ఆ వారం ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.