ముందు చిప్, ఆ తర్వాతే రేబీస్ సూది: కుక్కనో పిల్లినో విదేశం తీసుకెళ్ళే వాళ్ళకు జాగ్రత్తలు

పోయిన నెలలో విజయవాడ పటమట నుంచి ఒక కుటుంబం జర్మనీ వెళ్ళిపోయింది. వాళ్ళ నాలుగేళ్ళ లాబ్రడార్ మాత్రం తెనాలిలో అమ్మమ్మగారింట్లో ఉండిపోయింది. కుక్కకు ఏ జబ్బూ లేదు. ఏటా సూదులు వేయించారు, పుస్తకంలో స్టిక్కర్లన్నీ ఉన్నాయి, రక్త పరీక్ష కూడా పాసయింది. క్రేట్ (ప్రయాణపు బోను) కొన్నారు, విమానానికి డబ్బు కట్టారు. కాగితాలు చూసిన అధికారి మాత్రం రెండు తేదీల దగ్గర ఆగారు. రేబీస్ టీకా మార్చిలో వేశారు, మైక్రోచిప్, అంటే చర్మం కింద పెట్టే గుర్తింపు నంబరు చిప్, జూన్‌లో పెట్టారు. దాంతో టీకా చెల్లలేదు. టీకా చెల్లకపోయేసరికి రక్త పరీక్షా చెల్లలేదు.

ఇదే తప్పుతో ప్రయాణం ఆగిపోయిన వాళ్ళను నేను ఇంతకుముందూ చూశాను. అందుకే మంచి డాక్టర్‌కు చూపించండి, కాగితాలు జిరాక్స్ తీయించుకోండి లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి మీకు తెలుసు. బాగా చదువుకున్న వాళ్ళు, కుక్కను కన్నబిడ్డలా చూసుకునే వాళ్ళు కూడా ఎక్కడ దెబ్బతింటున్నారో అదే రాస్తున్నాను.

అసలు తప్పు ఎక్కడ జరుగుతోంది

ముందు చిప్. ఆ తర్వాత రేబీస్ టీకా. ఆ తర్వాత రక్తం. ఈ వరుస తప్పితే మిగతావన్నీ సక్రమంగా ఉన్నా లాభం లేదు.

కారణం చెబుతాను. మన టీకా పుస్తకంలో ‘బ్రూనో, లాబ్రడార్, మగ, గోధుమ రంగు’ అని ఉంటుంది. అలాంటి బ్రూనోలు బెంజ్ సర్కిల్ చుట్టుపక్కలే ఎన్ని ఉంటాయో. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూర్చున్న అధికారికి ఆ సూది ఈ కుక్కకే పడిందని నమ్మకం ఎలా కలగాలి? చర్మం కింద ఉన్న 15 అంకెల నంబరు ఒక్కటే దానికి ఆధారం. ఆ నంబరు లేని రోజున వేసిన టీకా ఎవరికి వేశారో ఆయన లెక్కలో తెలియదు. అంటే వేయనట్టే.

మన దగ్గర ఈ తప్పు ఎందుకు జరుగుతోందంటే, కుక్కపిల్లకు మూడో నెలలో రేబీస్ సూది వేయించడం అందరికీ అలవాటు. చిప్ సంగతి వీసా వచ్చాక గానీ గుర్తుకు రాదు. అప్పుడు ఏజెంట్ చెబితే చిప్ పెట్టిస్తారు. ‘రేబీస్ డోసు ఇంకా నడుస్తూనే ఉంది కదా, మళ్ళీ ఎందుకు’ అనుకుంటారు. డాక్టర్‌గారు కూడా డ్యూ తేదీ చూసి ఇప్పుడు అవసరం లేదంటారు. వైద్యం వరకు ఆయన మాట నిజమే. ప్రయాణానికి మాత్రం ఆ పాత డోసు పనికిరాదు. విదేశీ ప్రయాణం కోసం అని ఆయనకు స్పష్టంగా చెప్పి, చిప్ పెట్టించిన తర్వాత రేబీస్ టీకా మళ్ళీ వేయించండి. రెండూ ఒకే రోజున వేయించవచ్చు. వరుస మాత్రం ఇదే: చిప్ పెట్టాలి, స్కానర్‌తో చదివి చూడాలి, నంబరు పుస్తకంలో రాయించాలి, అప్పుడు సూది.

స్కానర్ లేని క్లినిక్‌లో చిప్ పెట్టించకండి. పెట్టిన చిప్ పనిచేస్తోందో లేదో అక్కడే తేలాలి. ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలకు సరిపోయే చిప్ కావాలి. నంబరు 15 అంకెలు లేకపోతే అది మీకు కావలసిన చిప్ కాదు.

యూరప్ వెళ్ళే వాళ్ళు ఇక్కడ నుంచి రోజులు లెక్కపెట్టుకోవాలి. టీకా నాటికి పిల్లకు కనీసం 12 వారాల వయసు ఉండాలి. టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీయాలి. ఆ రక్తంలో రేబీస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకూడదు. దీన్నే టైటర్ టెస్ట్ అంటున్నారు. పరీక్ష యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ల్యాబ్‌లోనే జరగాలి. ఆ తర్వాత మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలలు రక్తం తీసిన తేదీ నుంచి లెక్క, రిపోర్టు వచ్చిన తేదీ నుంచి కాదు. అన్నీ కలిపితే నాలుగు నెలలు దాటుతుంది, శాంపిల్ ల్యాబ్‌కు చేరడం, రిపోర్టు రావడం కూడా ఉన్నాయి. ఆగస్టులో కాలేజీలో చేరాల్సిన వాళ్ళు సంక్రాంతి సెలవుల్లోనే చిప్ పెట్టించాలి. ఏప్రిల్‌లో మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇదే తప్పుకు ఇంకో రూపం ఉంది. చిప్ సరిగ్గా పెట్టించి, టీకా సరిగ్గా వేయించి, టైటర్ కూడా పాసైన వాళ్ళు తర్వాత బూస్టర్ (మళ్ళీ వేయించాల్సిన డోసు) తేదీ మరిచిపోతారు. డ్యూ తేదీ దాటితే ఆ టైటర్ చచ్చినట్టే. మళ్ళీ టీకా, మళ్ళీ 30 రోజులు, మళ్ళీ రక్తం, మళ్ళీ మూడు నెలలు. బూస్టర్ గడువు లోపల వేయించుకుంటూ పోతే యూరప్‌కు ఆ టైటర్ అలాగే పనికొస్తుంది.

దేశాన్ని బట్టి

అమెరికా: 2024 ఆగస్టు 1 నుంచి కుక్కల నిబంధనలు మారాయి. ఆరు నెలల లోపు పిల్లను రానివ్వరు. కుక్కల వల్ల రేబీస్ ఎక్కువగా వచ్చే దేశాల జాబితాలో మనం ఉన్నాం. కాబట్టి ఇక్కడ టీకా వేయించిన కుక్కకు చిప్, టీకా వివరాలతో ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన ఫారం, అమెరికా సీడీసీ (అక్కడి కేంద్ర ఆరోగ్య సంస్థ) ఆమోదించిన ల్యాబ్ నుంచి టైటర్, దిగే విమానాశ్రయంలో రిజిస్టర్డ్ జంతు సంరక్షణ కేంద్రంలో ముందస్తు బుకింగ్ ఉండాలి. రక్తం తీశాక కనీసం 28 రోజులు గడవాలి. టైటర్ లేకపోతే 28 రోజుల క్వారంటైన్, ఖర్చు మీదే. చిప్ ముందు, టీకా తర్వాత అన్న నియమం ఇక్కడా అంతే.

మన వాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇంకొకటుంది. ఇలాంటి కుక్క ఏ ఎయిర్‌పోర్టులో పడితే అక్కడ దిగకూడదు. నియమం వచ్చినప్పుడు జాబితాలో ఉన్నవి న్యూయార్క్ జేఎఫ్‌కే, అట్లాంటా, లాస్ ఏంజెలిస్, మయామి, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్. అందులో డాలస్ లేదు. కొడుకు డాలస్‌లో ఉన్నాడని నేరుగా అక్కడికే టికెట్ తీసేవాళ్ళు ముందు సీడీసీ జాబితా చూసుకోండి. టికెట్ తర్వాత.

బ్రిటన్: టైటర్ లెక్క యూరప్ లాంటిదే. కుక్కను మీతో కేబిన్‌లో గానీ, లగేజీగా గానీ విమానంలో తీసుకెళ్ళలేరు, కార్గోగానే దిగాలి. కుక్కలకు టేప్‌వర్మ్ (బద్దెపురుగు) మందు అక్కడ దిగడానికి 24 గంటల నుంచి 120 గంటల ముందు డాక్టర్ చేత వేయించి, సమయంతో సహా రాయించాలి. ఇంట్లో మీరే మింగించి రాసుకుంటే చెల్లదు.

ఆస్ట్రేలియా: భారత్ నుంచి కుక్కనూ పిల్లినీ నేరుగా తీసుకోరు. వాళ్ళు ఆమోదించిన మరో దేశం మీదుగా వెళ్ళాలి, ఆ తర్వాత మెల్‌బోర్న్ దగ్గర మికల్‌హామ్‌లో క్వారంటైన్. ఏడాది ముందు మొదలుపెట్టినా ఎక్కువ కాదు. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చిన వారంలో ‘వచ్చే నెలకు కుక్క కూడా’ అని ఎవరైనా హామీ ఇస్తే ఆ మనిషి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

ఎండ, రోడ్డు, బోను

గన్నవరం విమానాశ్రయంలో పని పూర్తికాదు. జంతువు దేశం దాటడానికి కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్, ధ్రువీకరణ కేంద్రం సర్టిఫికెట్ కావాలి. మనకు దగ్గరవి హైదరాబాద్, చెన్నై. యూరప్ ఆరోగ్య ధ్రువపత్రం సంతకమైన పది రోజుల్లోపు అక్కడ దిగాలి. అంటే చివరి వారంలో కుక్కతో సహా హైదరాబాద్ ప్రయాణం, అక్కడ ఆగడం తప్పవు.

ఈ దారి 270 కిలోమీటర్ల పైమాటే. వేసవిలో రాత్రి బయల్దేరండి. సూర్యాపేట దగ్గర టీ కోసం ఆగినప్పుడు కుక్కను కారులో వదిలి అద్దం కాస్త దించితే సరిపోతుందనుకోవద్దు. మే నెలలో అద్దాలు మూసిన కారు కొన్ని నిమిషాల్లో పొయ్యి అవుతుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూ నోటితోనే వేడి వదులుతుంది. ఒకరు దానితో ఉండండి, ఒకరు టీ తాగి రండి. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీ పేర ఉంటేనే వెంట కూర్చోబెట్టుకోవచ్చు. స్లీపర్‌లో, సెకండ్ ఏసీలో, థర్డ్ ఏసీలో కుదరదు.

పగ్, బుల్‌డాగ్, షిట్జూ, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కు జాతులు ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటి శ్వాసనాళం సహజంగానే ఇరుకు. చాలా ఎయిర్‌లైన్లు వీటిని తీసుకోవు, కొన్ని ఎండాకాలంలో ఏ జాతినీ తీసుకోవు. రోహిణి కార్తెలో టికెట్ తీయకండి.

క్రేట్ చివరి వారంలో కొనేది కాదు. కనీసం రెండు మూడు నెలల ముందు తెచ్చి హాల్లో పెట్టి, తలుపు తీసి ఉంచి, అన్నం అందులోనే పెట్టండి. కుక్క తనంతట తాను వెళ్ళి పడుకునే దాకా తలుపు మూయకండి. కొలతలు ఇలా తీయండి: ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా పొడవు, దానికి నేల నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం కలపాలి, అది క్రేట్ లోపలి పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు లోపలి వెడల్పు. నిలబడ్డప్పుడు చెవులో తలో ఏది పైన ఉంటే అంతవరకు, పరుపు మందం కలిపి ఎత్తు. లోపల నిలబడాలి, తిరగాలి, కాళ్ళు చాపి పడుకోవాలి. గాలి నాలుగు వైపులా ఆడాలి. పై భాగాన్ని, కింది భాగాన్ని ప్లాస్టిక్ క్లిప్పులతో కాకుండా ఇనుప నట్లు, బోల్టులతో బిగించాలి.

ఇక వరుసగా:

నిద్రమందు ఇవ్వకండి. పైకి వెళ్ళాక బీపీ పడిపోతుంది, మత్తులో పడ్డ కుక్క మెడ వంగి ఊపిరాడకపోయినా సర్దుకోలేదు. మత్తులో ఉన్న జంతువును చాలా ఎయిర్‌లైన్లు వెనక్కి పంపేస్తాయి కూడా.

క్రేట్‌లో గడ్డి పరచకండి. పీల్చుకునే ప్యాడ్, మీ వాసన ఉన్న పాత చొక్కా చాలు.

నీళ్ళ గిన్నె తలుపుకు బిగించండి. నీళ్ళు గడ్డకట్టించి పెడితే ఎక్కించేటప్పుడు ఒలకవు.

పుస్తకంలో యజమాని పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక వద్దు. ‘చిన్నా’, ‘బాబు’ అసలే వద్దు.

నాటు కుక్క అయితే జాతి పేరు అన్ని కాగితాల్లో ఒకటే ఉండాలి. ఒకదానిలో ఇండీ, ఇంకోదానిలో మాంగ్రెల్ అని ఉంటే రెండు కుక్కలు అనుకుంటారు.

నెల పేరు అక్షరాల్లో రాయించండి. 05/06 అంటే మనకు జూన్ అయిదు, అమెరికాలో మే ఆరు.

టీకా సీసా స్టిక్కర్ అంటించి, బ్యాచ్ నంబరు కనిపించేలా డాక్టర్ సంతకం, ముద్ర వేయించండి.

పిడుదులు ఉంటే ఇప్పుడే వదిలించండి, ప్రయాణం రోజున కాదు.

యూరప్‌కు, బ్రిటన్‌కు కుక్క వెళ్ళే రోజుకు ముందో వెనకో అయిదు రోజుల లోపు మీరూ వెళ్ళాలి. దాటితే పెంపుడు జంతువుగా చూడరు, వ్యాపార సరుకు నియమాలు వర్తిస్తాయి.

ఎయిర్‌పోర్టు బయట, హోటల్ దగ్గర, ఎక్కడా గొలుసు విప్పకండి. కొత్త ఊళ్ళో బెదిరిన కుక్క మీ గొంతు విన్నా ఆగదు.

ఏజెంట్‌ను ఫీజు ఎంత అని అడిగే ముందు చిప్ తేదీ, టీకా తేదీ, రక్తం తేదీ కాగితం మీద వరుసగా రాయమనండి. రాయలేకపోతే వద్దు.

టీకాకు పాత తేదీ వేసి ఇస్తామనే వాళ్ళు దొరుకుతారు. ఒప్పుకోకండి. దిగాక పట్టుబడితే కుక్క వెనక్కి రావచ్చు, క్వారంటైన్‌లో పడవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆ శిక్ష దానికి పడుతుంది.

చిప్ లేకుండా రేబీస్ టీకా వేయించకండి. చిప్ చదవకుండా రేబీస్ టీకా వేయించకండి. డాక్టర్‌గారు హడావుడిలో ఉన్నా సరే, ముందు స్కానర్ తీయమనండి.

మీరు ముందు వెళ్ళి కుక్క తర్వాత వచ్చేటట్టయితే, దాన్ని ఎవరి దగ్గర ఉంచుతున్నారో వాళ్ళ ఫోన్‌లో బూస్టర్ తేదీకి నెల ముందే అలారం పెట్టించండి. అమ్మమ్మగారికి పుస్తకం ఇచ్చి వెళ్తే సరిపోదు. ఆవిడను ఏ క్లినిక్‌కు ఎవరు తీసుకెళ్తారో మనిషి పేరుతో సహా తేల్చుకోండి. సూది వేసే ముందు అక్కడ కూడా చిప్ చదివించాలని ఆ మనిషికి చెప్పి మరీ బయల్దేరండి.