పాటీ ట్రైనింగ్ అయ్యాక మళ్ళీ తడిపేస్తున్నారా? ముందు మోషన్ సంగతి చూడండి

నెలల తరబడి పొడిగా ఉన్న పిల్లలు ఉన్నట్టుండి రోజుకి నాలుగు నిక్కర్లు తడిపేయడం మొదలుపెడితే ఇంట్లో అందరికీ తోచే కారణాలు ఒకటే రకం, చెల్లి పుట్టింది కదా, స్కూల్లో వేశాం కదా, మొండితనం ఎక్కువైంది కదా అని. పిల్లల్ని పగలంతా చూసుకునే పని నాది, ఈ బాధతో వచ్చిన ప్రతివాళ్ళనీ నేను ముందు అడిగేది మోషన్ ఎలా వస్తోందని. "రోజూ వెళ్తున్నాడండీ, ఆ ప్రాబ్లమేం లేదు" అంటారు. నేనడిగింది రోజూ వెళ్తున్నాడా అని కాదు, ఎలా వస్తోంది అని. గట్టిగానా మెత్తగానా, ఎంత లావు, పూర్తిగా అవుతోందా లేదా. ఇది చూసినవాళ్ళు చాలా తక్కువ, చూడకుండానే స్టిక్కర్ చార్టులు, బహుమతులు, తిట్లు, మళ్ళీ డైపర్లు అన్నీ అయిపోతాయి. దయచేసి ఈ ఒక్కటీ ముందు చూడండి.

పగలు కొంచెం కొంచెంగా పదే పదే తడుపుతున్నారు, లేదా నిక్కరుకి మోషన్ మరకలు అవుతున్నాయి

ఈ రెండిట్లో ఏది ఉన్నా ముందు మలబద్ధకాన్నే అనుమానించండి. మలం వచ్చి ఆగే పేగు చివరి భాగం మూత్రాశయానికి వెనకాలే ఉంటుంది, అది నిండిపోయి గట్టిపడితే ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది, అందుకే పిల్లాడికి ఉన్నట్టుండి తన్నుకొస్తుంది, పరిగెత్తేలోపే కారిపోతుంది. అది బద్ధకమూ కాదు మొండితనమూ కాదు.

ఇది మొదలయ్యేది ఎక్కువగా ఒక్క గట్టి మోషన్ తో. జ్వరం వచ్చి తిండి తగ్గిందో, ప్రయాణంలో నీళ్ళు సరిగ్గా తాగలేదో, ఒకసారి నొప్పిగా వస్తుంది. మళ్ళీ నొప్పి పుడుతుందేమోనని పిల్లలు బిగబట్టుకుంటారు, ఎంతసేపు ఆపుకుంటే పేగు అందులో నీళ్ళు అంత పీల్చేస్తుంది, ఇంకా గట్టిపడుతుంది, ఇంకా నొప్పి, ఇంకా ఆపుకోవడం.

బిగబట్టుకోవడాన్ని గుర్తుపట్టడంలోనే చాలామంది మోసపోతారు. నా దగ్గరుండే ఒక మూడేళ్ళ పాప కర్టెన్ వెనక్కి వెళ్ళి, కర్టెన్ అంచు గట్టిగా పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, కాళ్ళు కత్తెరలా మెలేసుకుని, మొహం ఎర్రబడేదాకా అలా నిలబడేది. ఇంట్లో వాళ్ళందరూ పాపం ముక్కుతోంది, రావట్లేదు అనుకున్నారు. ముక్కట్లేదు, ఆపుకుంటోంది. ముక్కే పిల్లలు మోకాళ్ళు వంచి కిందికి కూర్చోబోతారు, ఆపుకునేవాళ్ళు నిటారుగా బిగుసుకుపోయి పిర్రలు దగ్గరికి నొక్కుకుంటారు. ఈ తేడా ఒకసారి తెలిస్తే ఇంక మర్చిపోరు.

దీనికన్నా పెద్ద మోసం ఇంకోటుంది. లోపల గట్టి ముద్ద అడ్డంగా ఉండిపోయాక దాని పక్కలనుంచి పల్చటి మోషన్ కారుతుంది, నిక్కరుకి అంటుతుంది, చూసేవాళ్ళకి విరేచనాలు అనిపిస్తుంది. అది చూసి మోషన్స్ ఆగడానికి మందు వేస్తే ఉన్న ముద్ద ఇంకా బిగిసిపోతుంది. పేగు సాగిపోయి ఉంటుంది కాబట్టి కారుతున్న సంగతి పిల్లాడికి నిజంగానే తెలీదు, వాసన కూడా అలవాటైపోతుంది, "తెలీలేదు" అంటే అబద్ధం కాదు, దానికి కొట్టడం తిట్టడం చాలా అన్యాయం.

ఎలా చెక్ చేయాలంటే, వారం రోజులు ప్రతి మోషన్నీ చూసి రాసుకోండి. బ్రిస్టల్ చార్ట్ అని ఏడు రకాల బొమ్మలతో ఉంటుంది, ఒకటి రెండు నంబర్లు అంటే గట్టి ఉండలు, ఉండలన్నీ అతుక్కున్న ముద్ద, ఇవి మలబద్ధకం. మూడు నాలుగు అయితే బాగున్నట్టే. వారానికి రెండుసార్లే వెళ్ళినా, ఫ్లష్ లో పోనంత లావుగా వచ్చినా, మోషన్ అయ్యేదాకా కడుపు నొప్పి అని ఏడ్చి అవగానే ఆడుకోవడానికి పరిగెత్తినా అదే. రోజూ వెళ్ళినా చిన్న చిన్న ముక్కలే వస్తుంటే లోపల నిలవ ఉన్నట్టే లెక్క.

ఏం చేయాలి

పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నీళ్ళు, పళ్ళు పెంచుతాం చాలు అనుకోకండి, అవి ఇకమీదట రాకుండా ఉండటానికి పనికొస్తాయి గానీ ఆల్రెడీ ఇరుక్కున్న ముద్దని కదపలేవు. డాక్టర్లు ఎక్కువగా ఇచ్చేది పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి, లేదంటే లాక్ట్యులోజ్ సిరప్, రెండూ మోషన్లో నీరు నిలిచేలా చేసి మెత్తబరుస్తాయి. ముందు కొన్ని రోజులు ఎక్కువ డోసుతో ఖాళీ చేయిస్తారు, ఆ రోజుల్లో లీకులు పెరుగుతాయి, భయపడి ఆపేయొద్దు. ఎనిమాల్లాంటివి సొంతంగా మొదలుపెట్టకండి.

తర్వాత అందరూ చేసే తప్పు, పది రోజుల్లో బాగైంది కదా అని మందు మానేయడం. లూజైపోయిన ఎలాస్టిక్ లాగా సాగిన పేగు మళ్ళీ బిగువుకి రావడానికి నెలలు పడుతుంది, మధ్యలో ఆపితే మొత్తం మొదటికొస్తుంది. యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘాలు కలిసి 2014లో ఇచ్చిన గైడ్‌లైన్స్ లో కనీసం రెండు నెలలు వాడాలని, లక్షణాలన్నీ పోయి కనీసం ఒక నెల అయ్యాకే మెల్లగా తగ్గించాలని ఉంది, పాటీ నేర్చుకునే వయసు పిల్లలకైతే ఆ ట్రైనింగ్ పూర్తయ్యాకే ఆపమన్నారు. అలవాటైపోతుందేమో అని చాలామంది భయపడతారు, ఈ మందులకి పేగు అలవాటు పడిపోదు.

దాంతోపాటు తిన్న తర్వాత ఇరవై నిమిషాలకో అరగంటకో పాటీ మీద ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, తిండి పడగానే పేగులో కదలిక సహజంగానే పెరుగుతుంది. పాదాలకి కింద స్టూల్ ఉండాలి, మోకాళ్ళు నడుము కన్నా కొంచెం ఎత్తులో ఉండాలి, కాళ్ళు గాల్లో వేలాడుతుంటే ఎవరికైనా మోషన్ సరిగ్గా రాదు. రాకపోయినా లేపేయండి, కూర్చున్నందుకు మెచ్చుకోండి.

ఉచ్చకి పాటీ, మోషన్ కి మాత్రం డైపర్ కావాలంటున్నారు

డైపర్ ఇవ్వండి. ఇవ్వకపోతే బిగబట్టుకుంటారు, పైన చెప్పిన కథంతా మొదలవుతుంది. మోషన్ మెత్తబడ్డాక డైపర్ బాత్రూంలోనే వేసి అక్కడే పోనివ్వండి, తర్వాత డైపర్ తోనే పాటీ మీద కూర్చోబెట్టండి, మెల్లగా అదే పోతుంది.

మోషన్ బాగానే ఉంది, అయినా తడుపుతున్నారు

అప్పుడు చూడండి మిగతావి. కొత్త పాపో కొత్త స్కూలో కొత్త ఇల్లో అయితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, గొడవ చేయకుండా గుర్తుచేస్తూ ఉంటే చాలు. స్కూల్లోనే తడిపేస్తే అక్కడి బాత్రూం ఒకసారి మీరే వెళ్ళి చూడండి, ఫ్లష్ శబ్దమో, గట్టి తలుపో, విప్పుకోలేని ప్యాంట్ బటనో ఉంటుంది. ఆటలో పడి మర్చిపోయేవాళ్ళని వస్తోందా వస్తోందా అని అడగొద్దు, లేదనే అంటారు, రెండు గంటలకోసారి పద వెళ్దాం అని తీసుకెళ్ళడమే. రాత్రి తడపడం వేరే విషయం, ఐదేళ్ళ లోపు దానికి ట్రీట్‌మెంట్ అవసరం రాదు.

మంట, జ్వరం ఉంటే యూరిన్ టెస్ట్ చేయించండి. విపరీతమైన దాహం, లీటర్ల కొద్దీ ఉచ్చ, బరువు తగ్గడం ఉంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, షుగర్ చూస్తారు. నడకలో తేడా వచ్చినా, కాళ్ళలో పట్టు తగ్గినా, పుట్టినప్పటి నుంచీ మలబద్ధకమే అయినా అవీ డాక్టర్ చూడాల్సినవే. ఇవి అరుదు.