టర్బిడిటీ సెన్సర్‌ను క్యాలిబ్రేట్ చేసే విధానం

నీటిలో తేలాడే మట్టి, నాచు, ఇతర సూక్ష్మ కణాలు కాంతిని అడ్డుకొని చెదరగొట్టడం వల్ల కనిపించే కలకనే టర్బిడిటీ అంటారు. మైక్రోకంట్రోలర్‌కు (చిన్న కంప్యూటర్ చిప్‌కు) కలిపి వాడే చవక సెన్సర్లలో చాలావరకు తమ గుండా దాటివచ్చిన కాంతిని బట్టి వోల్టేజిని మాత్రమే ఇస్తాయి. కలక పెరిగేకొద్దీ ఆ వోల్టేజి తగ్గుతుంది. దానిని కలకను కొలిచే ప్రమాణమైన ఎన్‌టీయూలోకి మార్చే సూత్రాలు దొరుకుతాయి గాని, అవి వేరొకరి సెన్సర్‌కు, వేరొకరి విద్యుత్ సరఫరాకు సరిపోయినవి. ఎంత కలకకు ఎంత వోల్టేజి వస్తుందో చూపే పట్టికను మీ సెన్సర్‌కు మీరే తయారు చేసుకోవాలి; క్యాలిబ్రేట్ చేయడమంటే ఇదే.

ఇందుకు కావలసిన ప్రమాణ ద్రావణం, అంటే ఎంత కలక ఉందో ముందే తెలిసిన ద్రావణం, ఫార్మజిన్. 4000 ఎన్‌టీయూ గాఢతతో సిద్ధంగా అమ్మే సీసాను కొనడమే మంచిది. దీని తయారీలో వాడే హైడ్రజీన్ సల్ఫేట్ విషపదార్థం, క్యాన్సర్ కారకమని అనుమానమున్న రసాయనం; కనుక ఇంట్లో కలపవద్దని గట్టిగా చెబుతాను. సిద్ధ ద్రావణాన్ని వాడేటప్పుడు కూడా చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించాలి.

గాఢ ద్రావణాన్ని పలుచన చేసే లెక్క తేలికే. 5 మిల్లీలీటర్లు తీసుకొని, శుద్ధ జలంతో మొత్తం 200 మిల్లీలీటర్లకు చేరిస్తే 100 ఎన్‌టీయూ అవుతుంది. 10 మిల్లీలీటర్లతో 200, 20తో 400, 40తో 800 వస్తాయి. పిపెట్‌తో తీసే ముందు సీసాను మెల్లగా పలుమార్లు తలకిందులు చేయాలి, ఎందుకంటే ఫార్మజిన్ కణాలు అడుగుకు దిగుతాయి. అయితే గిలకొట్టకూడదు, గాలి బుడగలు చేరతాయి. పలుచన చేసిన ద్రావణాలు నిలవ ఉండవు కాబట్టి ఆ రోజు కలిపినవి ఆ రోజే వాడాలి.

సున్నా బిందువుకు (కలక లేని నీటి రీడింగుకు), పలుచనకు వాడే నీటి విషయంలోనే ఎక్కువమంది పొరపడతారు. స్వేదనజలం కంటికి తేటగా కనిపించినా అందులో కణాలు ఉండవచ్చు; 0.2 మైక్రాన్ల మెంబ్రేన్ ఫిల్టర్ గుండా వడకట్టిన నీటినే వాడాలి. ఆ నీటికే 0.5 ఎన్‌టీయూ కలక ఉంటే 100 ఎన్‌టీయూ ద్రావణంలో తేడా తెలియదు గాని, 1 ఎన్‌టీయూ అనుకొని కలిపినది దాదాపు 1.5 అవుతుంది.

కొలిచే ముందు సెన్సర్‌కు అరగంట సేపు విద్యుత్ ఇచ్చి ఉంచాలి. నల్లటి పాత్రలో, పైన వెలుతురు పడకుండా మూతపెట్టి, ప్రతిసారీ ఒకే లోతులో, అడుగుకు, గోడలకు తగినంత ఎడంగా ముంచాలి. చాలా సెన్సర్లకు వైరు తగిలించే పైభాగంలోకి నీరు చేరకూడదు. ముంచాక కాంతి దాటే సందును ఒకసారి టార్చి వేసి చూడండి. ఆవగింజ కంటే చిన్న బుడగ ఒకటి అక్కడ అంటుకొని ఉన్నా రీడింగు తప్పుతుంది. వడకట్టిన నీటిలోనే కలక చూపుతోందని ఒక పూట అంతా వైర్లు మార్చి చూశాక, అలాంటి బుడగ నా కంటబడింది. సెన్సర్‌ను కాస్త వంచి మెల్లగా కదిపితే అది జారిపోతుంది.

తక్కువ కలక నుంచి ఎక్కువకు వెళుతూ, ప్రతి ద్రావణంలోనూ యాభై రీడింగులు తీసుకొని, వాటి మధ్యగతాన్ని రాసుకోండి. ద్రావణం మారినప్పుడల్లా సెన్సర్‌ను శుద్ధ జలంతోను, తర్వాత రాబోయే ద్రావణం కొద్దిపాటితోను కడగాలి. కలకకు, వోల్టేజికి మధ్య సంబంధం సరళరేఖ కాదు కనుక అన్ని బిందువులకూ ఒకే గీత గీయకుండా, పక్కపక్క బిందువుల మధ్య విడివిడిగా లెక్కించడం మేలు. ఉదాహరణకు 100 ఎన్‌టీయూ వద్ద 3.60 వోల్టులు, 200 వద్ద 3.20 వోల్టులు వచ్చాయనుకుందాం, అప్పుడు 3.48 వోల్టులంటే 130 ఎన్‌టీయూ.

ఈ ఉదాహరణలోనే సెన్సర్ హద్దు కూడా తెలుస్తుంది. 5 వోల్టులను పది బిట్లతో, అంటే 1024 మెట్లుగా, కొలిచే మైక్రోకంట్రోలర్‌లో ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు, అంటే ఇక్కడ దాదాపు 1.2 ఎన్‌టీయూ. క్రిమిసంహారం చేసే ముందు నీటి కలక 1 ఎన్‌టీయూ లోపు ఉండడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంత చిన్న తేడాను ఈ మెట్టు పట్టలేదు. తాగునీటి నిర్ణయానికి, 90 డిగ్రీల కోణంలో చెదిరిన కాంతిని కొలిచే నెఫెలోమీటర్ కావలసిందే.

పట్టిక పూర్తయ్యాక, అందులో వాడని ద్రావణం ఒకటి, 7.5 మిల్లీలీటర్లను 200కు చేర్చి 150 ఎన్‌టీయూది, కలిపి పరీక్షించండి. పది శాతానికి మించి తేడా వస్తే నేను మొదటినుంచి మళ్లీ చేస్తాను.

సెన్సర్‌ను నీటి వనరులో ఉంచాక కాంతి సందులో పాకుడు పడుతుంది. అందువల్ల ప్రతి తనిఖీలోనూ తుడవకముందు ఒకసారి, మెత్తటి గుడ్డతో తుడిచాక ఒకసారి రీడింగు రాసుకొని, తుడిచాక కూడా శుద్ధ జలంలో పాత వోల్టేజి తిరిగి రాకపోతేనే కొత్తగా క్యాలిబ్రేట్ చేయాలి.