ఎండాకాలం కారు టైర్లలో గాలి తగ్గించకండి, లాంగ్ డ్రైవ్‌కి ముందు ఇవి చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయంటారు కదా, ఆ ఎండలో తారు రోడ్డు మీద కాలే పెట్టలేం, టైరు గంటలకొద్దీ దాని మీదే తిరుగుతుంది. అందుకే చాలామంది బంకులో "ఎండలు కదా, నాలుగు పాయింట్లు తక్కువ కొట్టు, లేకపోతే పేల్తుంది" అంటుంటారు, దయచేసి ఆ పని చెయ్యకండి. గాలి తక్కువైతే టైరు తిరిగిన ప్రతిసారీ దాని పక్క గోడ, అంటే సైడ్‌వాల్ ఎక్కువగా నలుగుతుంది, ఇనప తీగని అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కుతుంది చూడండి అచ్చం అలాగే, దానికి ఫుల్ లోడు, 100 స్పీడు కూడా తోడైతే లోపలి పొరలు విడిపోయి పేలిపోతుంది.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి, లేదా కనీసం 3 గంటలు ఆగి ఉన్నాక. ఎంత కొట్టాలో డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, ఇంటిల్లిపాదీ లగేజీతో వెళ్తుంటే దానికి వేరే నంబర్ ఉంటుంది, అదే పెట్టించండి. టైరు మీద రాసిన మ్యాక్స్ ప్రెషర్ కాదండీ, అది హద్దు మాత్రమే.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేటలో టీకి ఆగి చెక్ చేయిస్తే పొద్దున 33 పాయింట్లు (psi) పెట్టింది 38 చూపించొచ్చు, కంగారు పడి ఆ 5 తీయించేస్తే టైరు చల్లారాక 28 దగ్గరికి పడిపోతుంది, ఇక మళ్ళీ పైన చెప్పిన కథే. నైట్రోజన్ కొట్టించినా వేడికి ప్రెషర్ పెరుగుతుంది, అదేం తేడా కాదు. ఆగినప్పుడు చేతి వెనక భాగం నాలుగు టైర్ల దగ్గరా పెట్టి చూడండి, మిగతావాటికంటే ఒకటే బాగా కాలుతుంటే దాన్లో గాలి దిగుతోందో, బ్రేక్ పట్టేసిందో చూపించాకే కదలండి.

ఇంకా టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్ ఉంటుంది, దాని చివర నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. రోడ్డుకి తగిలే గుండీలు (ట్రెడ్) అరక్కుండా బాగానే ఉన్నా రబ్బరు ముసలిదైపోతుంది, పక్కన పగుళ్ళొస్తే మార్చేయండి. స్టెప్నీలో గాలి కూడా చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

ఒకవేళ దార్లో పేలితే బ్రేక్ గట్టిగా తొక్కొద్దు, స్టీరింగ్ రెండు చేతుల్తో గట్టిగా తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదలండి, స్పీడు బాగా తగ్గాకే ఎడమకి తీసి ఆపండి, హజార్డ్ లైట్లేసి పిల్లల్నీ పెద్దవాళ్ళనీ రెయిలింగ్ అవతలకి దింపండి.