24 గంటల్ల 1610 కిలోమీటర్లు: మన వరంగల్ దిక్కు రైడర్లు సాడిల్‌సోర్‌కు ఎట్ల తయారు కావాలె

మన దిక్కు పోరగాళ్లకు లాంగ్ రైడ్ అంటే లక్నవరం, బొగత, మహా అయితే కాళేశ్వరం దాకా పోయి ఫొటోలు దిగి రావుడు. ఇది ఆ లెక్క కాదు. అమెరికాల ఐరన్ బట్ అసోసియేషన్ అని ఒకటుంది, వాళ్ల మొదటి మెట్టు సాడిల్‌సోర్ 1000, అంటే 1000 మైళ్లు, మన లెక్కల 1610 కిలోమీటర్లు, 24 గంటల్ల పూర్తి చేసి రుజువులు పంపితే సర్టిఫికెట్ ఇస్తరు. 36 గంటల్ల 1500 మైళ్ల బన్ బర్నర్ కూడా ఉంది గని దాని ముచ్చట ఇప్పుడు వద్దు.

ముందుగాల లెక్క చూడుండ్రి. 1610ని 24తోని భాగిస్తే గంటకు 67. ఓస్ గింతేనా అంటరు అందరు. కానీ ఆ 67ల పెట్రోల్ కొట్టించుకున్న టైం, తిన్న టైం, ఒంటికి పోయిన టైం అన్నీ కలిసే ఉంటయి. నాలుగు లేన్ల హైవే మీద బైకుకు లిమిట్ 80, డివైడర్ లేని రోడ్డు మీద 60, 2018ల కేంద్రం పెట్టింది. లిమిట్ దాటకుండ యావరేజ్ 75 పడ్డదనుకుందాం, అది పడుడే కష్టం, అయినా 21 గంటల 28 నిమిషాలు సీటు మీదనే పోతయి. ఇగ మిగిలేది రెండున్నర గంటలు, మొత్తం 150 నిమిషాలు, ఈ గేమంతా ఆ 150 నిమిషాల కాడనే ఉంది. స్పీడుతోని టైం దొర్కుతదనుకుంటే తప్పు, 50 కిలోమీటర్లు 80కి బదులు 100 మీద కొడితే మిగిలేది ఏడున్నర నిమిషాలు, ఒక్క చాయ్ కాడ ఫోన్ తీసి స్టేటస్ పెట్టుకుంట కూసుంటే పోయేది 20. అందుకే నేర్చుకోవాల్సింది ఆగుడు, ఉరుకుడు కాదు.

రూట్ సంగతి. చాలామంది ఇంటికాన్నుంచే మొదలు పెడ్దామంటరు, నేనైతే వద్దంట. కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి మీదికెల్లి ఆర్మూర్ దాకా ఊర్లు, స్పీడ్ బ్రేకర్లు, గ్రానైట్ లారీలు, అక్కడనే యావరేజ్ సచ్చిపోతది. ముందు రోజు పొద్దుగాలనే మేడ్చల్ పోయి రూం తీస్కోని ఎన్‌హెచ్ 44 మీద మొదలువెట్టుండ్రి. ఒకటి యాదికుంచుకోండి, హైదరాబాద్ ఓఆర్ఆర్ మీదికి టూ వీలర్లను రానియ్యరు, ఘట్‌కేసర్ కాడ దిగి కీసర, శామీర్‌పేట దిక్కు సర్వీస్ రోడ్డు పట్టుకోవాలె. మేడ్చల్ నుంచి నిర్మల్, ఆదిలాబాద్, పెన్‌గంగ దాటి నాగ్‌పూర్, సిటీల దూరకుండ ఔటర్ రింగ్ రోడ్డు, ఆడికెల్లి మధ్యప్రదేశ్‌ల సివనీ, లఖ్నాదోన్, నర్సింగ్‌పూర్ దాటినంక వెనక్కి తిరుగుడు. ఎక్కడ తిరగాల్నో మ్యాప్‌ల మీరే కొలుచుకోండి, 1610 కాడ ఆపకుండ ఒక 40, 50 కిలోమీటర్లు ఎక్కువే వేస్కోండి, ఎందుకంటే బండి మీటర్ చాలాసార్లు ఉన్నదానికంటే కొంచెం ఎక్కువే చూపెడ్తది, అసోసియేషన్‌వోళ్లు మాత్రం మ్యాప్ దూరమే పట్టించుకుంటరు.

బయల్దేరే టైం రాత్రి 2 అంట నేను. మనిషికి నిద్ర బాగా గుంజేది రాత్రి 2 నుంచి 5 మధ్యల. పొద్దున 5కు మొదలు పెడితే ఆ టైం చివర్ల వస్తది, 20 గంటలు నడిపిన ఒంటితోని దాన్ని తట్టుకునుడు కాని పని. అదే సాయంత్రం 6కే పండుకొని లేచి 2కు బయల్దేరితే ఆ గంటలు ఫ్రెష్‌గ ఉన్నప్పుడే గడుస్తయి. పొద్దుగాల 9 దాటినంక నాగ్‌పూర్, తిరిగొచ్చేటప్పుడు పొద్దుగూకే యాళ్లకు సివనీ, నాగ్‌పూర్ మధ్యల ఉన్న పెంచ్ అడవి కాడికి వచ్చుడు, రాత్రి 2 లోపట మేడ్చల్. నవంబర్, ఫిబ్రవరి బాగుంటయి. డిసెంబర్, జనవరిల ఎంపీ దిక్కు మంచు కమ్ముతది, ఆదిలాబాద్ చలి సంగతి చెప్పనక్కర్లేదు, మన రాష్ట్రంల అన్నిటికంటే చలి ఆ దిక్కే కదా, జాకెట్ లోపల లైనర్ లేకుంటే వేళ్లు బ్రేక్ పట్టవు. ఎండాకాలం, వానకాలం అసలే వద్దు.

దీనికి ముందు ప్రాక్టీస్ చెయ్యాలె. వరంగల్ నుంచి కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ మీద ఆదిలాబాద్ పోయి అదే రోజు రావుండ్రి, పోను రాను 600 దగ్గర పడ్తది. అది అయినంక నడుము ఏమంటుందో, చేతులు తిమ్మిరెక్కుతున్నయా, సీటు కాడ ఎక్కడ ఒరుసుకుంటుందో తెలుస్తది. కోతలప్పుడు ఈ రూట్ల సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడ్తరు, చీకట్ల ఆ రాళ్లు కనవడవు, పత్తి ట్రాక్టర్లకు వెనక లైట్ ఉండది, కాబట్టి మాపటి లోపల ఇల్లు చేరేటట్టు చూస్కోండి. తర్వాత హైవే మీద ఒక 1000 కిలోమీటర్లు, అది నవ్వుకుంట అయితేనే 1610 ఆలోచించాలె.

బండికి పెద్ద ఇంజనే కావాలని లేదు, 80 మీద గంటలు గంటలు వణుకు లేకుండ పోయేది అయితే చాలు. సర్వీసింగ్ ముందురోజు చేపియ్యొద్దు, వారం పది రోజుల ముందు చేపిచ్చి ఒక 300 కిలోమీటర్లు తిప్పుండ్రి, మెకానిక్ వదులుగ వదిలేసిన బోల్టు ఏదన్నా ఉంటే ఊర్లనే బయట పడ్తది. టైర్ గాలి పొద్దుగాల చల్లగ ఉన్నప్పుడు చూడాలె. చైన్‌కు 500కోసారి లూబ్, చైన్ వేడి మీద ఉన్నప్పుడే పెట్రోల్ ఆపుల కొట్టేయండి, వేరేగ ఆగొద్దు. ట్యూబ్‌లెస్ అయితే పంచర్ కిట్, చిన్న పంపు. స్పోక్స్ బండి అయితే స్పేర్ ట్యూబ్ పెట్టుకోండి, చక్రం విప్పుడు ఇంటికాడ ఒకసారి నేర్చుకోండి.

తిండి విషయంల మనోళ్లు బిర్యానీ కాడ ఓడిపోతరు. హైవే దాబాల కడుపు నిండ తింటే మధ్యాహ్నం 2 కాడ కండ్లు మూతలు పడ్తయి. అరటిపండ్లు, పెరుగన్నం, ట్యాంక్ బ్యాగుల సర్వపిండి ముక్కలు, గిట్ల కొంచెం కొంచెం తినుండ్రి. నీళ్లు బ్యాగు పైపుతోని గంటగంటకూ గుక్కెడు, మధ్యల ఓఆర్ఎస్. ఒంటికి ఆగాల్సి వస్తదని నీళ్లు తాగుడు మానేస్తరు కొందరు, ఆళ్లకే సాయంత్రం తలనొప్పి. చెడ్డీ కుట్టు ఒరుసుకొని పుండ్లు పడ్తయి, సైకిల్‌వోళ్ల ప్యాడెడ్ షార్ట్స్ దొరుకుతయి, సిగ్గుపడకుండ కొనుక్కోండి. చెవుల్ల ఫోమ్ ప్లగ్గులు తప్పకుండ పెట్టాలె, గాలి మోతనే సగం అలసట. వైజర్ తెల్లది, రాత్రి నల్లదాంతోని నడిపితే చూపు పోయినట్టే.

ఒకసారి కన్ను అంటుకున్నట్టయినా, గడిచిన రెండు కిలోమీటర్లు ఎట్లొచ్చినవో యాదిరాకున్నా, లేన్‌ల బండి అటిటు పోయినా, తర్వాతి బంకుల 20 నిమిషాలు అలారం పెట్టి పండుకోండి. రెండోసారి గట్లయితే రైడ్ అయిపోయినట్టే, 1300 కాడ ఉన్నా, 1550 కాడ ఉన్నా.

రుజువు అంటే బిల్లులు. బైకులకు టోల్ లేదు కాబట్టి టోల్ రసీదు దొరకది, బంకు బిల్లులే దిక్కు. చేత్తోని రాసిచ్చేది కాకుండ మిషన్ ప్రింట్ అడుగుండ్రి, అందుల తేదీ, టైం, ఊరి పేరు సరిగున్నయా అని కదిలేముందే చూస్కోవాలె, కొన్ని బంకుల మిషన్ గడియారం తప్పు చూపెడ్తది. బిల్లునూ మీటర్‌నూ కలిపి ఫొటో తీయుండ్రి, వేడికి ఆ కాగితం మీద అక్షరాలు మాసిపోతయి. వెనక్కి తిరిగే కాడ బిల్లు మర్చిపోతే అంతదూరం పోయినట్టు రుజువే లేదు. మొదటి బిల్లు టైంతోనే గడియారం మొదలైతది, అందుకే టీ, టాయిలెట్, గ్లోవ్స్ అన్నీ అయినంకనే ఆ పెట్రోల్ కొట్టియ్యండి. చివరి బిల్లు చేతికొచ్చినంక వరంగల్ ఎంత దూరం, పోదాం పా అని బండి ఎక్కకుండ్రి, మేడ్చల్ రూం రెండు రాత్రులకు తీస్కోని చావి జేబులనే పెట్టుకోండి, అర్ధరాత్రి కౌంటర్ కాడ మనిషి ఉండడు.