పోయిన గేరు ఏదో ముందు తేల్చుకోండి

నా 1997 షెవ్రొలే కె1500 పికప్ ఒక శనివారం ఉదయం ఇంటి ముందు నుంచే మూడో గేరులో బయలుదేరింది. లివరు 'డి'లోకి లాగగానే కింద సుత్తితో మోదినట్టు దబ్బున అదిరింది. ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బస్తాలు ఎక్కించిన ఎడ్లబండిలా కదిలిందే తప్ప గేరు మారలేదు. దగ్గర్లోని షాపులో వీధి చివరిదాకా నడిపి చూసి, గేరుబాక్సు దింపి మొత్తం కొత్తగా కట్టాలి, 3,200 డాలర్లు అవుతుంది అన్నారు. బండి వెనక్కి తెచ్చుకున్నాను. చివరికి తేలింది ఒక ఫ్యూజు, జానెడు వైరు.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు లారీ గేరుబాక్సులు విప్పి బిగించారు. ఆటోమేటిక్ ఎప్పుడూ ఆయన చేతికి రాలేదు. ఆ రోజు ఫోనులో అంతా విని, "ఏ గేరు పోయిందన్నారు వాళ్లు?" అని అడిగారు. చెప్పలేదన్నాను. "మరి దేనికి విప్పుతారట?"

ఇక్కడ నేను రాస్తున్నది 4ఎల్60-ఇ అనే నాలుగు గేర్ల పెట్టె గురించి. 1993 నుంచి చాలా ఏళ్లపాటు వచ్చిన అర టన్ను షెవ్రొలే, జీఎంసీ పికప్ కొన్నవాళ్ల బండి కింద సాధారణంగా ఇదే ఉంటుంది. మీది 1992 లేదా అంతకు ముందుదైతే గేర్లను కంప్యూటర్ మార్చదు. లోపల నూనె ఒత్తిడి ఎంతుండాలో సాధారణంగా థ్రాటిల్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ నిర్ణయిస్తుంది. ఆ కేబుల్ సడలితే ఒత్తిడి చాలక క్లచ్‌లు కాలిపోతాయి. అది సరిచూడకుండా ఆ బండిని రోడ్డెక్కించకండి.

ముందు నూనె. ఇంజిన్ ఆయిల్‌లా ఇంజిన్ ఆపి చూసేది కాదు ఇది. ఇరవై నిమిషాలు నడిపి, చదునైన చోట నిలిపి, బ్రేకు తొక్కి పట్టుకుని లివరును అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి, పార్కులో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీయాలి. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయండి. ఎరుపైతే సరే, గోధుమ రంగైతే వయసు మీరింది. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ కాలింది. రాజమండ్రి రోజ్‌మిల్క్ రంగులో కనిపిస్తే రేడియేటర్‌లోని కూలెంట్ నూనెలోకి దిగిందన్నమాట. ఇక నడపకుండా బండిని మోయించుకు వెళ్లండి. మట్టం తగ్గితే గేరు జారుతుంది. ఎక్కువ పోసినా నూనె నురగలెత్తి అలాగే జారుతుంది, ఈ రెండోది చాలామందికి తోచదు.

తర్వాత ఒక కాగితం, పెన్ను, పక్క సీట్లో ఒక మనిషి. మా ఆవిడ విసుక్కుంటూనే రాసిపెట్టింది. ఖాళీ రోడ్డు మీద నిలుచున్న చోటి నుంచి యాక్సిలరేటర్ తేలికగా నొక్కుతూ వెళ్లి, ఇంజిన్ వేగం చూపే ముల్లు ఎన్నిసార్లు పడిందో, ఎంతెంత పడిందో రాయించండి. ఈ పెట్టెలో నిష్పత్తులు 3.06, 1.63, 1, 0.70. కాబట్టి ఒకటి నుంచి రెండుకు మారినప్పుడు ముల్లు దాదాపు సగానికి పడాలి. తర్వాతి రెండు మార్పుల్లో మూడో వంతు, కొంచెం అటూ ఇటూ.

ఇవి కాక చివర్లో ఇంకో చిన్న తగ్గుదల ఉంటుంది. అది గేరు కాదు, ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ జారకుండా లాక్ అవడం. దీన్నే నాలుగో గేరనుకుని, అసలు నాలుగో గేరు లేని బండిని బాగుందని కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. తేల్చుకోవడం తేలిక. గంటకు 50 మైళ్ల దగ్గర నిలకడగా వెళుతూ, ఎడమ పాదంతో బ్రేకు పెడల్‌ను దీపం వెలిగేంత మాత్రమే తాకండి. లాక్ విడిపోయి ముల్లు రెండు మూడు వందలు పైకి లేస్తుంది. పాదం తీయగానే కొద్దిసేపట్లో దిగుతుంది. ఈ వేగంలో బండి వణుకుతుంటే ఇదే పరీక్ష ఇంకో పనికీ వస్తుంది: పెడల్ తాకగానే వణుకు ఆగితే ముందు కన్వర్టర్ లాక్‌ను అనుమానించండి, ఆగకపోతే స్పార్క్ ప్లగ్గులు చూసుకోండి. ఇంజిన్ ఒక సిలిండర్‌లో మండకపోవడం లాక్ అయి ఉన్నప్పుడు గేరుబాక్సు జబ్బులాగే ఉంటుంది.

ఇప్పుడు కాగితం చదవండి. ఒకటి, రెండు, రివర్సు బాగుండి, మూడుకు మారాల్సిన చోట ఇంజిన్ గోలపెట్టి బండి ముందుకు పోకపోతే, మూడు, నాలుగు గేర్లను పట్టే 3-4 క్లచ్ కాలింది. ఈ పెట్టె ఎక్కువగా అక్కడే ఓడిపోతుంది. రెండు, నాలుగు లేకుండా రివర్సు నిక్షేపంగా ఉంటే లోపలి డ్రమ్మును చుట్టి పట్టే బ్యాండు గాని, దాన్ని బిగించే సర్వో గాని దెబ్బతింది. రెండు, నాలుగుతో పాటు రివర్సు కూడా పోతే సన్ షెల్ విరిగింది. ఆ మూడు గేర్లూ ఆ రేకు డొప్ప గుండానే సన్ గేరును చేరతాయి కనుక, అది విరిగిన బండి ఒకటి నుంచి ఒక్కసారిగా మూడుకు దూకుతుంది. బ్యాండుకూ షెల్‌కూ తేడా చెప్పేది రివర్సు ఒక్కటే. అందుకే రివర్సును పార్కింగులో కాదు, కొంచెం ఎత్తెక్కించి పరీక్షించాలి.

ఇంతవరకు యంత్రం తప్పు. కంప్యూటర్ మాట అందకపోతే వరస వేరు. గేర్లు మార్చేవి రెండు సోలెనాయిడ్‌లు, అంటే కరెంటుతో నూనె దారి మార్చే చిన్న కవాటాలు; వాటి పేర్లు ఎ, బి. మొదటి గేరులో ఎ, బి రెండింటికీ కరెంటు. రెండులో బి ఒక్కదానికే. మూడులో దేనికీ ఉండదు. నాలుగులో ఎ ఒక్కదానికే. ఎ చచ్చిపోతే బండి రెండులో బయలుదేరి మూడుతో ఆగిపోతుంది. బి చచ్చిపోతే ఏకంగా నాలుగులో బయలుదేరి, మూడుకు దిగి, మళ్లీ నాలుగుకు ఎక్కుతుంది. అసలు కరెంటే రాకపోతే 'డి'లో ఎప్పుడూ మూడే. పైగా ఒత్తిడిని అదుపు చేసే సోలెనాయిడ్‌కూ కరెంటు ఉండదు కనుక ఒత్తిడి గరిష్ఠానికి చేరి, గేరు పడగానే సుత్తి దెబ్బ. నా బండి చేసింది అక్షరాలా ఇదే. లివరు 2 దగ్గర పెడితే రెండో గేరు చక్కగా వచ్చింది, రివర్సూ వచ్చింది. కాలిన క్లచ్ అయితే లివరు మారిస్తే గేరు దొరకదు కదా!

1996 తర్వాతి బండికి ఇరవై డాలర్ల కోడ్ రీడర్ చాలు. పి0753 వస్తే ఎ, పి0758 వస్తే బి. కోడ్ చూడగానే సోలెనాయిడ్ కొనకండి, అది తీగ తప్పు కూడా కావచ్చు. కింద కుడి వైపున ఇరవై కాళ్ల గుండ్రటి కనెక్టర్ ఉంటుంది. సైలెన్సర్ గొట్టాలు చల్లారాక, బండిని స్టాండ్‌ల మీద నిలిపి, దాన్ని పీకి, పెట్టె వైపున ఇ అని గుర్తున్న కాలి నుంచి ఎ కాలికి, ఇ నుంచి బి కాలికి ఓమ్‌లు కొలవండి. చల్లగా ఉన్నప్పుడు 19 నుంచి 24 మధ్య ఉండాలి. నాకు రెండూ 21 వచ్చాయి. సోలెనాయిడ్‌లు ఆరోగ్యంగా ఉన్నాయి.

ఫ్యూజు చూస్తే కాలి ఉంది. ఆ కనెక్టర్ పీకి ఉండగానే కొత్తది వేశాను, అదీ కాలింది. అంటే షార్టు పెట్టె లోపల లేదు, బయటి వైర్లలో ఉంది. టార్చి పట్టుకుని కట్ట వెంట వెనక్కి వెళితే, పాత యజమాని సైలెన్సర్ గొట్టం మార్పించినప్పుడు క్లిప్పు ఊడిన వైర్ల కట్ట ఆ వేడి గొట్టం మీద పడుకుని ఉంది. గులాబీ రంగు తీగ తొడుగు కరిగి రాగి బయటపడింది. కోసి, కొత్త తీగ అతికి, వేడికి తట్టుకునే తొడుగు వేసి, కట్టను పైకి లాగి కట్టాను. ఖర్చు పద్దెనిమిది డాలర్లు, ఒక చొక్కా.

పెట్టె అడుగున నూనె నిలిచే పాన్ విప్పడం చివర్న. పదహారు బోల్టులు, లీటర్ల కొద్దీ వేడి నూనె. వెనకవైపు ముందు వదిలి వంచకపోతే తలస్నానమే. అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి గుజ్జు ఉంటే భయపడకండి, అది మామూలు అరుగుదల. నల్లటి రజను గరిటెతో తీసేంత ఉన్నా, వేలికి గుచ్చుకునే లోహపు ముక్కలు దొరికినా ఆశ వదులుకోవచ్చు.

మా బావమరిది షెవ్రొలే సిల్వరాడో పికప్‌లో అదే దొరికింది. మూడు, నాలుగు లేవు, నూనె బొగ్గు రంగు, పాన్ అడుగున నల్లటి ముద్ద. రాసిన కాగితాన్ని ఇద్దరం వేరే షాపుకు తీసుకెళ్లాం. అక్కడి పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని చదివి, బండిని లిఫ్టు ఎక్కించకుండానే 3-4 క్లచ్‌తో కలిపి ఏమేం మారుస్తారో ఒక్కొక్కటి దాని కిందే రాసి ఇచ్చాడు.